మగ్గానికి అడ్డమొచ్చిన పొట్ట

పొట్ట పెరిగితే ఊళ్ళో వాళ్ళు చొక్కాలు పెద్దవి కుట్టించుకుంటారు. మా ఇంట్లో అట్లా కుదరదు. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. మా ఆయన కూచునేది గుంత మగ్గం. ఆ గుంత వాళ్ళ నాయన కొలతకు తవ్వింది. కాళ్ళు గుంతలోకి వేలాడేసి పీట మీద కూచుంటే, పొట్టకు ఎదురుగా, నేసిన చీర చుట్టుకునే గుండ్రటి దుంగ ఉంటుంది. పొట్టకూ ఆ దుంగకూ నడుమ బెత్తెడు జాగా ఉండాలి. మా మామ ఎండుకట్టెలాంటి మనిషి, ఆయనకు ఇంకా ఎక్కువే ఉండేదట. మా పెళ్ళినాటికి కొడుక్కి సరిగ్గా బెత్తెడు ఉండేది. నలభై దాటేసరికి అది కూడా పోయింది.

పీట వెనక్కి జరుపుకోవచ్చు కదా అని తెలివైనవాళ్ళు అడుగుతుంటారు. మాకు తోచదా ఏం? జరిపాం. అప్పుడు చేతులు అచ్చుకు అందలేదు. అడ్డంగా వేసిన పేక దారాన్ని లాగి బిగించేది ఆ అచ్చే. దాన్ని అందుకోవడానికి ముందుకు వంగితే పొట్ట మళ్ళీ దుంగ మీదికే వచ్చి కూచునేది.

మగ్గంలో ఆయన పక్కన నేను కూచుంటాను. చీరకు రెండు వైపులా వేరే రంగు అంచు రావాలంటే అంచు దారపు కండె ఉండే చెక్కను, అంటే అంచు నాడెను, వేయడానికి రెండో మనిషి కావాలి. కొందరు జీతానికి పెట్టుకుంటారు, మా ఇంట్లో ఆ మనిషిని నేనే. ఆయన నడుమ నాడె విసిరితే నేను అంచు నాడె విసురుతాను. పెళ్ళయిన కొత్తలో సిగ్గుపడుతూ కూచున్న చోటది. తర్వాత పోట్లాడుకున్నా అక్కడే, నవ్వుకున్నా అక్కడే.

రెండేళ్ళ కిందట, దసరా అయిపోయిన వారంలో, మేం నేసిన చిలకపచ్చ చీరను షావుకారు కిటికీ దగ్గర వెలుగులో పరిచాడు. నిలువు దారాల పట్టు పడుగూ, జరీ ఆయనే ఇస్తాడు, నేత మాది. చీర పొడవునా నడుమ ఒక పట్టీ మేర మెరుపు చచ్చిపోయి ఉంది. మా ఆయన పొట్ట రాసుకుని, చెమట తగిలి అట్లా అయింది. అంతకు ముందు పొట్టకు తువ్వాలు చుట్టుకుని చూశాడు, తువ్వాలు నూలు జరీకి పట్టుకుని అదొక తలనొప్పయింది.

షావుకారు మంచివాడే, మాటే కాస్త సూది. "ఏమప్పా, ఈ చీర నువ్వు నేసినావా, నీ పొట్ట నేసిందా?" అన్నాడు. మేం నవ్వలేదు. అప్పుడు షావుకారు గొంతు తగ్గించాడు. "రెండంచుల పని ఇంగ నీకియ్యలేనబ్బా. ముదురు రంగు సాదా చీరలు నేసుకో, వాటిల్లో మచ్చ కనపడదు. ఉగాది వరకూ చూస్తా. అప్పుడొక పడుగు ఇస్తా, మచ్చ లేకుండా వచ్చిందా, పెండ్లి చీరల పనంతా నీదే. లేదంటే మరమగ్గాల షెడ్డులో మనిషి కావాలంటాండారు, పోయి చేరుకో. ఏమీ అనుకోవద్దు."

ఇంటికి వచ్చాక ఆయన మగ్గంలో దిగి ఊరికే కూచున్నాడు. నాడె ముట్టలేదు. నేను ఏదో సర్దిచెప్పబోతే, "షెడ్డులో నిలబడుకోని దారం తెగితే ముడేసేదే కదమ్మే పని. నేసేది మిషన్. ఇంగ నేనెవుర్ని?" అన్నాడు. పదేళ్ళ వయసు నుంచీ మగ్గం తప్ప వేరే లోకం ఎరగని మనిషి. నాకు భయమేసింది. ఆయన గురించీ భయమే, నా గురించీ భయమే. సాదా చీరకు రెండో మనిషి అక్కర్లేదు కదా, ఆ రోజుతో మగ్గంలో నా చోటు కూడా పోయింది. గోడవారగా రాట్నం ముందు కూచుని కండెలు చుట్టుకుంటూ, ఎట్లాగైనా ఉగాదిలోపల ఈ పొట్ట కరిగించకపోతే నేను మనిషినే కాదని మొండిపట్టు పట్టాను.

పట్టుదలకేం, చెప్పేవాళ్ళకూ కొదవ లేదు. పొట్ట తగ్గించుకోవాలని నోరు జారితే చాలు, మన దేశంలో ప్రతి మనిషీ డాక్టరే. మొదటి డాక్టరు మా తమ్ముడు. మా పుట్టిల్లు హిందూపురంలోనే ఫ్యాక్టరీ ఉద్యోగం వాడికి. ఆ ఏడు పది కిలోలు తగ్గి, బుగ్గలు లోపలికి పోయి, అదే అందమని తిరుగుతున్నాడు. "బావా, అన్నం మానెయ్, సంగటి మానెయ్. గుడ్లు, చికెను, నెయ్యి, పన్నీరు తిను. కీటో అంటారు. నెల తిరిగేసరికి నీ పొట్ట యాడ పడిపోయిందో నువ్వే ఎతుక్కుంటావు. దుడ్లు కొంచెం ఎక్కువైతాయి, కానీలే" అన్నాడు.

సంగటి మానేయమన్న మాట విని మా అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "సంగటి మానేస్తే మనిషి ఎట్ల నిలబడతాడురా? మీ హిందూపురమోళ్ళు పొద్దునా మాపూ రాగిముద్ద మింగి పెరిగినోళ్ళే కదా, నీకేం తెగులొచ్చింది?" అంది. మా తమ్ముడు ఆమెకు పిండిపదార్థాల గురించి ఏదో చెప్పబోయాడు. ఆమె లేచి పెరట్లోకి పోయింది.

కీటో మొదలుపెట్టాం. నెయ్యిలో గుడ్లు వేగుతుంటే మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఘుమఘుమలాడేది. మొదటి రోజుల్లో గబగబా తగ్గాడు, లుంగీ వదులయిందని చూపించి మురిసిపోయాడు. తర్వాత తలనొప్పి పట్టుకుంది. బాత్రూములోకి పోతే ఎంతకీ బయటికి రాడు. మగ్గం తొక్కే కాళ్ళకు పిక్కలు పట్టేసేవి. శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టం, ఆ రోజు పన్నీరు ముక్కలు కొరుక్కుంటూ దిగాలుగా కూచునేవాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిందంతా మీకు వింతగా ఉంటుంది. మా ఇంట్లో సంగటో అన్నమో తింటేనే మనిషి తిన్నట్టు. మిగతావి ఎన్ని తిన్నా అది నోరాడించడమే. ఇక ఇంటి మగవాడు తిన్నాకే ఆడవాళ్ళు తినాలి. ఇది నేను పెట్టింది కాదు, మా అత్తా పెట్టింది కాదు, ఆమెకు ఆమె అత్త ఇచ్చిపోయింది. ఆయన సాయంత్రం నాలుగు గుడ్లు తిని చేయి కడుక్కునేవాడు. గుడ్లు తింటే తిన్నట్టా? కాదు కదా. నేను ఆగేదాన్ని. అత్త ఆగేది. తొమ్మిదయ్యేసరికి ఆయనే వంటింటి గడప దగ్గరికి వచ్చి, "కొంచెం సంగటి పెట్టు మే. నువ్వు కూడా పెట్టుకో" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది. "నోరు కట్టుకోలేని మనిషికి కీటో ఎందుకు, గీటో ఎందుకు? అంత నెయ్యి పోసింది యాడికి పోయె?" అని గొణుగుతూనే పెట్టేదాన్ని. ఆయన మాట్లాడకుండా తినేవాడు. గుడ్లూ నెయ్యీ పోయిన పొట్టలోకే సంగటి కూడా పోతే ఏమవుతుంది? తగ్గింది తిరిగి రావడమే కాక, వస్తూ వస్తూ ఇంకొంచెం తోడు తెచ్చుకుంది.

రెండో డాక్టరు సెల్‌ఫోను. అందులో ఒకాయన కుర్చీలో కూచుని, రోజులో ఎనిమిది గంటల లోపలే తినాలి, మిగతా పదహారు గంటలూ కడుపుకు సెలవివ్వాలి అని గట్టిగా చెబుతున్నాడు. మా ఆయనకు ఇది నచ్చింది. ఏం తినొచ్చు, ఏం తినకూడదు అన్న పంచాయితీ లేదు. పొద్దున పదింటికి మొదటి తిండి, సాయంత్రం ఆరింటికి ఆఖరు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మాకు తెల్లవారకముందే పని మొదలవుతుంది. ఆయన పదింటి వరకూ తినడు, కాబట్టి నేనూ తినను. నీళ్ళు పట్టి, కల్లాపి చల్లి, వంట చేసి, కండెలు చుట్టి, పదయ్యేసరికి నాకు కళ్ళు బైర్లు కమ్మేవి. ఇక సాయంత్రం ఆరింటికి ఆయనకు ఆకలి ఉండేది కాదు, మజ్జిగ తాగి ఊరుకునేవాడు. మజ్జిగ తాగితే తిన్నట్టా? మళ్ళీ తొమ్మిదింటికి గడప దగ్గర అదే మాట. "కొంచెం పెట్టు మే. నువ్వు కూడా పెట్టుకో."

మూడోది కొర్రలు. ఇప్పుడు మా బజారులో ఏ కొట్టు చూసినా కొర్రలు, సామలు, అరికలు బస్తాలకు బస్తాలు. మా అత్తకు మాత్రం ఇది కొత్త డైటు కాదు. చిన్నప్పుడు తలుపుల మండలంలో వాళ్ళ ఊళ్ళో కొర్రన్నమే తిని పెరిగింది. "ఇదీ తిండంటే" అని తానే దగ్గరుండి వండించింది. కొర్రలు తింటే లావు కారని ఎవరో చెప్పారు, ఆ ఒక్క మాట పట్టుకుని మేం పళ్ళేనికి ఇంతెత్తు పెట్టుకుని, మీద ఊరుబిండి వేసుకుని, నెయ్యి పోసుకుని తిన్నాం. చెనక్కాయలు నూరి చేసే పచ్చడది, దాంతో తింటే రాయి కూడా లోపలికి పోతుంది. పొట్ట ఎక్కడికీ పోలేదు. మధ్యలో సొరకాయ రసం, జీలకర్ర నీళ్ళు కూడా అయ్యాయి. సొరకాయ రసం తాగినప్పుడు ఆయన ముఖం చూసి నేను నవ్వాపుకోలేకపోయాను, ఆయనకు కోపమొచ్చి గ్లాసుతో సహా నా చేతిలో పెట్టాడు. నేనూ ఒక గుక్క తాగి చూశాను. అంత కోపం న్యాయమే.

పుష్యమాసం వచ్చేసరికి సగం గడువు అయిపోయింది. ఒకరోజు మా తమ్ముడు ఫోను చేసి, "అక్కా, నేను మళ్ళీ ఉబ్బినా" అన్నాడు. వదిలేసిన అన్నం మళ్ళీ మొదలుపెట్టగానే పది కిలోలూ అడ్రసు మరిచిపోకుండా వెనక్కి వచ్చేశాయట. "పెనుకొండలో ఒక క్లినిక్కులో వారానికొకసారి డైటీషియన్ మేడం కూచుంటాది. నేను ఆడికే పోతాండా. బావను పిల్చుకోని రా, కీటో గీటో ఏమీ చెప్పదు" అన్నాడు. ఏమీ చెప్పకపోతే పోవడమెందుకని నాకు చిరాకేసింది. అయినా పొద్దున రైలెక్కి పోయాం.

మేడం చిన్న వయసామె. నేననుకున్నట్టు బరువు తూచి కేకలేయలేదు. "అన్నా, నిన్న లేచినప్పటి నుంచీ ఏమేం తిన్నారో చెప్పండి" అంది.

"పొద్దున మూడిడ్లీ. మధ్యాన్నం కొర్రన్నం, పప్పు. రాత్రికి మజ్జిగ" అన్నాడు మా ఆయన, పరీక్ష రాసిన పిల్లాడిలా.

నేను ఊరుకోలేకపోయాను. "టీలు చెప్పవేం?"

"టీలు తిండా?"

"బొరుగులు?"

"అవి మగ్గం మీద తిన్నేవి కదమ్మే."

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అప్పుడు నేనే వివరంగా చెప్పాను. మగ్గంలో దిగిన మనిషి ఊరికే బయటికి రాడు. కొడుకు కష్టపడుతున్నాడని మా అత్త గంటకొకసారి చక్కెర టీ అందిస్తుంది. పదకొండింటికి బొరుగులు, సాయంత్రం వీధి చివర నుంచి మిరపకాయ బజ్జీలు. అవన్నీ నాడె విసురుతూనే నోట్లో పడతాయి. కీటో రోజుల్లోనూ పడ్డాయి, ఉపవాసం రోజుల్లోనూ పడ్డాయి. ఎవరూ దాచలేదు, ఎవరికీ అది తిండి అన్న ధ్యాసే లేదు. నాకు కూడా అక్కడ నోటితో చెబుతుంటేనే తట్టింది.

మేడం పకపకా నవ్వింది. "అన్నా, మగ్గం మీద తిన్నదేదో, పళ్ళెంలో తిన్నదేదో పొట్టకు తెలీదు" అంది. మా ఆయన కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

"అవన్నీ సరే మేడం. కీటోనా, ఉపవాసమా, కొర్రలా? ఏది మంచిదో ఒక్కటి చెప్పండి, అదే చేస్తాం" అన్నాను. నా గొంతులో విసుగు ఆమెకు తెలిసే ఉంటుంది.

"ఏది చేసినా తగ్గుతారమ్మా. తగ్గేది ఆ పేరు వల్ల కాదు, మొత్తం మీద తిండి తగ్గడం వల్ల. కీటోలో అన్నం, చక్కెర పోతాయి కాబట్టి తగ్గుతారు, మొదట్లో పోయేది చాలావరకు ఒంట్లో నీరు. ఉపవాసంలో రాత్రి తిండి పోతుంది కాబట్టి తగ్గుతారు. కొర్రలు మంచివే, పీచు ఉంటుంది, కానీ ఇంతెత్తు తింటే అవీ అన్నమే. ఏళ్ళ తరబడి మీ ఇంట్లో జరిగే తిండి ఏదో అదే మంచి డైటు. నాలుగు నెలలకు వదిలేసేది ఎంత గొప్పదైనా దండగ" అంది. తర్వాత బల్ల మీద ఖాళీ పళ్ళెం పెట్టి వేలితో గీత గీసినట్టు చూపించింది. సగం పళ్ళెం ఆకుకూర, కూరగాయలు. మిగతా సగంలో ఒక పక్క పప్పో గుడ్డో, ఇంకో పక్క పిడికెడంత సంగటి. ఊరుబిండి ఒక చెంచా. టీ రోజుకు రెండు, చక్కెర లేకుండా. మగ్గంలో నీళ్ళు తప్ప ఏదీ వద్దు, కావాలంటే లేచి వంటింట్లోకి వచ్చి కూచుని తినాలి. రోజూ నడక.

ఇంతేనా, అనుకున్నాను. ఇది మా అవ్వ కూడా చెప్పేది. అప్పుడు మేడం అడిగింది, "రాత్రికి మజ్జిగే అన్నారు కదా అన్నా, నిజంగా మజ్జిగేనా?"

ఆయన తల వంచుకున్నాడు. "లేదు మేడం. తొమ్మిదింటికి సంగటి తింటా."

"అంత ఆకలేస్తుందా?"

"ఆకలై కాదు" అని నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆమెకే చెప్పాడు. "నేను సంగటి తినందే ఇది తినదు. పొద్దన్నుంచీ పొయ్యి కాడ, రాట్నం కాడ ఉంటాది. ఎంతసేపైనా అట్లే కూచుంటాది గానీ ఎంగిలి పడదు. ఉత్త కడుపుతో పండుకుంటాదని, నేనే అడిగి పెట్టించుకుంటా. నేను కూచుంటే అదీ కూచుంటాది."

నోరు కట్టుకోలేని మనిషని నెలల తరబడి దెప్పాను. ఆయన ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మేడం ముందు ఏడవడం ఇష్టం లేక కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూచున్నాను.

మేడం నా కనురెప్ప కిందికి లాగి చూసింది, నాకూ రక్తపరీక్ష చేయించమంది. రక్తం బాగా తక్కువుందని తర్వాత తేలింది, మాత్రలు ఇచ్చారు. వచ్చేటప్పుడు ఆమె ఒక్క మాటంది. "అమ్మా, ఆయన పొట్ట తగ్గాలంటే మీరు తినాలి. రాత్రి ఏడింటికి మీరు పళ్ళెం ముందు కూచోండి. ఆయన తిన్నా సరే, తినకపోయినా సరే."

రైల్లో నా కోపం మళ్ళీ లేచింది. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే ఏం చేస్తావు? తినకుండానే తిన్నానని చెప్పేదానివి."

అది నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది.

ఇంట్లో అసలు యుద్ధం మా అత్తతో అనుకున్నాను. మొదటి రాత్రి ఏడింటికి రెండు పళ్ళేలు పెట్టుకుని ఆయనకు ఎదురుగా కూచున్నాను. అత్త బిత్తరపోయింది. "మొగోడు తినకముందే పళ్ళెం ముందరేసుకుంటావా? ఈ ఇంట్లో ఎవురన్నా చేసినారా ఈ పని?" అంది.

"అత్తా, నీ కొడుకు మగ్గంలో పట్టాలంటే నేను తినాలంట" అన్నాను.

అత్త గోడ వైపు తిరిగి కూచుంది. అమ్మయ్య, గెలిచాననుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే అది దిగదే! ఆయన ఇంకా మొదలుపెట్టలేదు, వెనక అత్త ఉంది, నా గొంతులో ముద్ద అడ్డంగా నిలబడింది. ఏదో తప్పు పని చేస్తున్నట్టుంది. ఆయన నా ముఖం చూసి, "మింగవే తల్లీ, నా బతుకు దాంట్లోనే ఉండాది" అన్నాడు. నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ముద్ద లోపలికి పోయింది.

అట్లా మొదలైంది. నేను తిన్నాక ఆయనకు తొమ్మిదింటికి గడప దగ్గరికి రావలసిన పని లేకపోయింది. అత్త మాత్రం మా ఇద్దరిదీ అయ్యాకే తినేది, ఎంత చెప్పినా కదల్లేదు. మగ్గంలోకి టీ ఇవ్వకపోవడం కూడా ఆమెకు కష్టమయింది. కొడుకు గుంతలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని, వంటింట్లోకి నడిచొచ్చి చక్కెర లేని టీ తాగుతుంటే జైల్లో ఖైదీని చూసినట్టు చూసేది. ఆయన గొణిగేవాడు, నా మీద విసుక్కునేవాడు. లేచి రావడానికి బద్ధకమేసి చాలాసార్లు టీ మానేసేవాడు, అదీ మంచికే అయింది. పొద్దున చెరువుకట్ట దాకా నడిచి వచ్చేవాడు. మధ్యలో తాడిమర్రిలో బంధువుల పెళ్ళికి పోయి తీపి ఓళిగలు వద్దనకుండా తిన్నాడు, నేనూ వద్దనలేదు. మర్నాడు మళ్ళీ ఏడింటికి పళ్ళేలు పెట్టాను, అంతే.

కీటోలా గబగబా తగ్గలేదు. రెండు నెలలదాకా ఏమీ కనపడక నాకు లోపల దడగానే ఉండేది. పైకి మాత్రం చూడు ఎంత తగ్గావో అని అబద్ధాలాడేదాన్ని. తర్వాత ఒకరోజు ఆయన మగ్గంలో కూచుని, "ఏమ్మే, ఇట్రా, చెయ్యి పెట్టి చూడు" అని పిలిచాడు. పొట్టకూ దుంగకూ నడుమ నా అరచేయి దూర్చాను. దూరింది. అటూ ఇటూ తిప్పినా తగల్లేదు. పట్టపగలు, వీధి తలుపు తీసి ఉండగా, ఆయన బుగ్గ పట్టుకుని గిల్లాను.

ఉగాదికి ముందు షావుకారు మాట ప్రకారం పడుగు ఇచ్చాడు. మామిడి చిగురు రంగు ఒళ్ళు, ఒక పక్క ఎరుపు అంచు, ఇంకో పక్క ఊదా. మచ్చ పడితే దాచుకోవడానికి వీల్లేని రంగు కావాలనే ఇచ్చాడు. నేను మళ్ళీ నా చోట్లో కూచున్నాను. మొదట్లో ఇద్దరి చేతులూ కుదరక నాడెలు తడబడ్డాయి. మధ్యాహ్నానికి పాత లయ వచ్చేసింది. జానెడు నేసినప్పుడల్లా వెలుగు పట్టి చూసుకునేవాళ్ళం. ఇద్దరం మాట్లాడుకోలేదు, మాట్లాడితే ఎక్కడ దిష్టి తగులుతుందోనని.

చీర మగ్గం మీంచి కోసి తీసిన రోజు సాయంత్రం ఆయన ఒక్కడే షావుకారు దగ్గరికి పోయాడు. నన్ను రావద్దన్నాడు. ఆరయింది. ఆరున్నరయింది. నేను సంగటి కెలికి దించి ముద్దలు కట్టాను, పాలకూర పప్పు, బీరకాయ కూర పక్కన పెట్టాను. ఏడయింది. ఆయన రాలేదు. షావుకారు కాదన్నాడేమో, మొహం చూపించలేక ఎక్కడైనా కూచున్నాడేమో అని నా ప్రాణం ప్రాణంలో లేదు. పళ్ళెం ముందు పెట్టుకోవాలని కూడా అనిపించలేదు.

అత్త గోడ పట్టుకుని లేచి వచ్చి నా పక్కన కూచుంది. "వాడికి పని ఇస్తాడో, ఇయ్యడో. నువ్వు పస్తుంటే ఇచ్చేది లేదు, తింటే మానేది లేదు. ఏడైంది కదా, తిను" అంది. నేను కదల్లేదు. "ఒక్కదానికే దిగదంటే నాకూ పెట్టు" అంది.

నేను విన్నది నిజమేనా అనిపించింది. రెండు పళ్ళేల్లో పెట్టాను. ఆమె ఇంకా ముద్ద తుంచలేదు, గడపలో చెప్పుల చప్పుడయింది. భుజం మీద కొత్త పడుగు వేసుకుని ఆయన నిలబడి ఉన్నాడు. "పెండ్లి చీరలు మే. రెండంచులవి. అంతా మనకే" అన్నాడు. నేను అరిచానో ఏడ్చానో నాకు గుర్తులేదు.

కొడుకును చూడగానే అత్త ఉలిక్కిపడి పళ్ళెం పక్కకు నెట్టి లేవబోయింది. ఆయన పడుగు దించకుండానే ఆమె భుజం మీద చెయ్యేసి కూచోబెట్టాడు. "తినుమ్మా. నేను కాళ్ళు కడుక్కోనొస్తా" అన్నాడు.

ఆమె కొంచెం తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. నోట్లోంచి పొగలొచ్చాయి. కళ్ళు మూసుకుని నిదానంగా మింగింది. డెబ్బై దాటిన మనిషి. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ పొద్దునా మాపూ అందరికీ ముద్దలు కట్టి పెట్టిన మనిషి.

"ఇన్నేండ్లూ చేసినా గానీ మే," అంది నాతో, "పెండ్లయినాంక వేడి సంగటి నోట్లో పెట్టుకునేది ఇదే తొలిసారి."